చేతులూపుకుంటూ

నిన్న పొద్దున్న పదకొండు గంటలకి, తిన్న ఇడ్లీలు అరిగిపోయి ఇంకా భోజనం వేళ కాని ఆ పనికిమాలిన సమయంలో, నా ఫోను మోగింది. విశాఖపట్నం నుంచి ఒకమ్మాయి.

"సార్, మేడమ్ గారున్నారాండీ? కొత్త టూర్లు వచ్చాయండీ, మేడమ్ గారు మళ్ళీ అడిగిన ఇస్తాంబుల్ కూడా ఉందండీ. మేడమ్ గారికి ముందు చెప్పమన్నారండీ మా సారు."

ఆ మేడమ్ గారికి సొంత ఫోను ఉండేది. దాన్ని సంచిలోంచి తీసేది కాదు. ఏ కాగితంలో ఫోను నంబరు అడిగినా నాదే ఇచ్చేది. "లేరమ్మా" అన్నాను. "ఎప్పుడొస్తారండీ?" అంది. పదేళ్ళుగా ఆవిడ కోసం ఎవరు ఫోను చేసినా ఇదే ప్రశ్న, ఇదే జవాబు కాబట్టి నా నోరు దాని పని అది చేసేసింది. "చెప్పలేం తల్లీ, ఊళ్ళో లేదు."

ఫోను పెట్టేశాక వంటింట్లోంచి మా ఆవిడ అంది:

"మనిషి పోయి నాలుగు నెలలైంది. ఊళ్ళో లేదంటారేంటండీ?"

"అందులో అబద్ధం ఏముందే?"

"అబద్ధం లేదు. అదే వింతగా ఉంది, మీ నోట."

మా ఆవిడ ఆ మాట ఎందుకందో చెప్పాలి. నలభయ్యేళ్ళు రాజోలు సెంటర్లో టైపు మిషను ముందు కూర్చుని జనానికి అర్జీలూ, పాస్‌పోర్టు ఫారాలూ నింపి పెట్టినవాణ్ణి నేను. "పాక కూలింది" అని చెప్పినవాడికి "గృహము నేలమట్టమై, సకుటుంబముగా వీధిన పడి" అని కొట్టి ఇవ్వడం నా వృత్తిధర్మం. ఆ చేతి అలవాటు తర్వాత నోటికి కూడా అంటుకుంది. ఉన్నదాన్ని ఉన్నట్టు చెబితే ఎదుటివాడికి తక్కువ చేసినట్టు అనిపిస్తుంది. కానీ ఆ పోయినావిడ విషయంలో ఎక్కడ పెంచానో అక్కడే ఒప్పేసుకుంటాను. కారణం ముందు ముందు తెలుస్తుంది.

ఆవిడ యాభై దేశాలు తిరిగింది.

ఒప్పేసుకుంటున్నాను. మళ్ళీ వెళ్ళినవి కూడా కలిపి పద్నాలుగు. అందులో తొమ్మిది, పరాయివాళ్ళ పిల్లల్ని బండిలో తోసుకుంటూ. మిగతా అయిదు చేతులూపుకుంటూ. ఆవిడ దృష్టిలో ఆ అయిదే తిరిగినట్టు.

చిన్న మనిషి. చామనచాయ. చీర కాస్త ఎత్తి కట్టి, కాళ్ళకి బూట్లు వేసుకునేది. చీర మీద బూట్లేసుకుని మా వీధిలో నడిచిన మొదటి ఆడమనిషి, బహుశా ఆఖరి ఆడమనిషి కూడా. ఎక్కడ కూర్చున్నా కుర్చీ అంచు మీదే, పిలిస్తే లేవడానికి సిద్ధంగా. నన్ను "అన్నయ్యగారండీ" అనేది. నేను "చెల్లెమ్మా" అనేవాణ్ణి. రక్తసంబంధం లేదు, ఫారాల సంబంధం.

నడిచేటప్పుడు రెండు చేతులూ బారుగా ఊపుకుంటూ, కవాతులో తప్పిపోయిన సిపాయిలా నడిచేది. చేతిలో ఏదీ పట్టుకునేది కాదు. సంచి భుజానికి అడ్డంగా వేలాడాల్సిందే. వానొస్తే గొడుగు కాదు, కోటు. బజారు నుంచి వస్తుంటే సంచిలోంచి ఆనపకాయ తొంగి చూసేది తప్ప, చేతికి కరివేపాకు రెబ్బ కూడా ఉండేది కాదు. విదేశం నుంచి వచ్చినా అంతే. ఎవరికీ ఒక చాక్లెట్టు ముక్క తెచ్చిన పాపాన పోలేదు.

"గల్ఫు పిల్లలు సెంటు సీసాలు తెస్తారు, సబ్బులు తెస్తారు. నువ్వేంటే, అన్ని దేశాలు తిరిగి చేతులూపుకుంటూ వచ్చేవు?" అని మా ఎదురింటి పెద్దావిడ ఒకసారి దెప్పింది.

"ఊపుకుంటూ తిరగడానికే వెళ్ళేనండి పిన్నిగారూ" అంది ఈవిడ.

ఫొటోలు కూడా తీసేది కాదు. ఫొటో తియ్యాలంటే ఫోను పట్టుకోవాలి కదా. దాంతో ఆవిడ వెళ్ళిందన్న దానికి రుజువు లేక ఊళ్ళో సగం మంది నమ్మలేదు. రుజువు లేని చోట నాలాంటివాడి అవసరం ఉంటుంది. టీకొట్టు దగ్గర నేనే ఆవిడ తరఫున దేశాలు వర్ణించేవాణ్ణి. ఒకసారి ఈజిప్టులో ఒంటె మీద ఎడారి దాటించేశాను కూడా. అది తిరిగి తిరిగి ఆవిడ చెవిన పడింది. మర్నాడు వచ్చి కుర్చీ అంచు మీద కూర్చుని, "అన్నయ్యగారండీ, నేనక్కడ బస్సెక్కేనండి. ఏసీ బస్సండి" అని చెప్పి వెళ్ళిపోయింది.

అన్నిటికన్నా వింత, పిల్లల్ని ఎత్తుకునేది కాదు. మా మనవరాలికి నాలుగో నెలలో మా ఆవిడ మురిపెంగా పిల్లని ఆవిడ ముందుకి చాపింది. మా వైపు ఎవరైనా అలా చాపితే చేతులు వాటంతటవే ముందుకొస్తాయి. ఆవిడవి వెనక్కి వెళ్ళాయి. వీపు వెనక ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"ఇక్కడ చాప మీద పడుకోబెట్టండి వదినగారూ. నేను ఆడిస్తాను."

చాప మీద పిల్ల పక్కన బోర్లా పడుకుని, కనుబొమ్మలు ఎగరేసి, బుగ్గలు పూరించి, నాలుక చాపి, గంటసేపు ఆడించింది. చెయ్యి మాత్రం తగిలించలేదు. ఆవిడ వెళ్ళాక మా ఆవిడ రుసరుసలాడింది. "పిల్లా జెల్లా లేని మనిషి కదా అని చేతికిస్తే, అంటరానిదాన్ని చూసినట్టు చూస్తుందేంటండీ!"

నాకు తెలుసు. కానీ అప్పుడు చెప్పలేదు.

ఆవిడ భర్త కొబ్బరికాయలు వలిచే కూలీ. పెళ్ళయిన అయిదేళ్ళకి, ఇరవై మూడేళ్ళ వయసులో, ఆవిడ ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. ఆ ఇంట్లో అయిదుగురు పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఈవిడ చంకలోనే పెరిగారు. ఎండాకాలం వస్తే ఆ కుటుంబం చల్లటి దేశాలకి పోయేది. పిల్లలున్నారు కాబట్టి ఈవిడా పోయేది. రెండేళ్ళకోసారి రెండు నెలలు సెలవు మీద వచ్చినప్పుడు నా దగ్గర కూర్చుని ఆ సంగతులు చెప్పేది. నాకు దేశాల పిచ్చి. అంటే, ఉన్నచోటు నుంచి కదలని పిచ్చి.

"జెనీవా ఎలా ఉంటుంది చెల్లెమ్మా?"

"బాటలు బావుంటాయండి. చక్రం ఎక్కడా ఇరుక్కోదు."

"పారిస్?"

"అన్నీ రాళ్ళేనండి. బండి గతుక్కి పిల్లాడు లేచిపోతాడు."

"మరి లండనో?"

"మెట్లండి బాబూ, మెట్లు!"

"అది కాదమ్మా, ఆ కట్టడాలూ, గోపురాలూ..."

"తలెత్తితే కదండీ. పిల్లాడి చెప్పు ఎక్కడ జారిపోద్దోనని కిందకే చూస్తుండేదాన్ని."

ఇరవై రెండేళ్ళు అలా తల వంచుకుని లోకం చుట్టి, ఆ ఇంట్లో ఆఖరి పిల్లాడికి మీసం మొలిచాక, ఇంటికి వచ్చేసింది. గల్ఫు నుంచి వచ్చినవాళ్ళు మా వైపు మొదట చేసే పని డాబా వెయ్యడం. ఆవిడ పెంకుటింటికి రెండు పెంకులైనా మార్చలేదు. వచ్చిన ఏడాదిలోపే విశాఖ నుంచి వెళ్ళే ఒక యాత్రా బృందంలో పేరు రాయించుకుని జెనీవా వెళ్ళింది. అదీ చూసిన ఊరికే!

తిరిగొచ్చిన మర్నాడు నా బల్ల దగ్గరికి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది. "అన్నయ్యగారండీ, ఆ మేడలకి పైన కూడా ఉందండి! బొమ్మలు చెక్కేరండి పైన!"

అక్కణ్ణుంచి ఇక ఆగలేదు. రెండు ప్రయాణాల మధ్య ఊళ్ళో ఉండేది గాని, ఉన్నట్టుండేది కాదు. బట్టల సంచి సర్దే ఉండేది, తలుపు పక్క మేకుకి. బస్సు కోసం నిలబడడం ఆవిడ ఒంటికి పడేది కాదు. బస్సు రాలేదంటే తర్వాతి స్టాపుకి నడిచేసేది. సరిగ్గా రెండు స్టాపుల మధ్య ఉండగా బస్సు పక్కనుంచి వెళ్ళిపోయేది. అలా నడిచి నడిచి ఒకసారి అమలాపురం చేరిపోయింది. సరే, తాటిపాక. అయినా నాలుగు బస్సులు ఆవిణ్ణి దాటుకుని వెళ్ళాయి. నాలుగో బస్సు కండక్టరు తలుపులోంచి వంగి, "ఎక్కండమ్మా, పుణ్యముంటది!" అని అరిచాడట. "నడకలో ఉన్నానయ్యా, నువ్వు పో" అందట.

మురమళ్ళలో వీరేశ్వరస్వామి కల్యాణం చేయించుకుందామని మా ఆవిడే బలవంతాన ఆ మొగుడూ పెళ్ళాల్ని తీసుకెళ్ళింది. పీటల మీద కుదురుగా కూర్చోలేక ఆవిడ పంతులుగారిని మూడుసార్లు అడిగిందట, "ఇంకా ఎంతసేపండీ?" అని. మూడోసారికి ఆయన, "స్వామివారికే తొందర లేదమ్మా, నీకేంటి?" అన్నారట. పక్క పీట మీద ఆవిడ భర్త మాత్రం, కొట్టిన మేకులా కూర్చున్నాడట.

ఇవన్నీ ఒక ఎత్తు. ఇస్తాంబుల్ ఒక ఎత్తు.

ఆవిడ సఖినేటిపల్లి రేవు దగ్గర పుట్టి పెరిగిన పిల్ల. అక్కడ మనుషుల్నీ, మోటారు సైకిళ్ళనీ, కార్లనీ కలిపి ఎక్కించుకుని వశిష్ఠ గోదావరి మీంచి నర్సాపురం ఒడ్డున దింపే వెడల్పాటి పడవ ఉంటుంది. పంటు అంటాం. చిన్నప్పుడు పంటెక్కితే ముందంచున నిలబడాల్సిందేనట. పంటువాళ్ళు తిడుతున్నా కదిలేది కాదట. ఇస్తాంబుల్లో కూడా అలాంటి పంటే ఉంది. కాకపోతే ఇటు గట్టు ఒక ఖండం, అటు గట్టు ఇంకో ఖండం. కువైట్ కుటుంబం కారుతో సహా దాన్నెక్కింది. కారు కింది అంతస్తులో. పెద్దవాళ్ళంతా పైకి వెళ్ళారు. ఈవిడ ఒళ్ళో చంటివాడు అప్పుడే నిద్రపోయాడు. కదిలితే లేస్తాడు. అద్దాలు మూసిన కార్లో ఉండిపోయింది.

"ఇనప కప్పు కనపడిందండి. పైన పక్షులు అరుస్తున్నాయి, ఏం పక్షులో తెలీదు. మోకాళ్ళు తిమ్మిరెక్కేయి. ఇంతలో ధన్‌మని గట్టుకి తగిలింది. అంతేనండి. పంటెక్కి నీళ్ళు చూడకుండా దిగినదాన్ని భూమ్మీద నేనొక్కదాన్నేనండి."

ఈ మాట ఆవిడ నాకు చెప్పింది ఒకసారి కాదు. వందసార్లు. ఇది పెంచింది కాదు.

జెనీవా చూసింది, పారిస్ చూసింది, ఈజిప్టూ, సింగపూరూ అన్నీ చూసింది. ఇస్తాంబుల్ టూర్లు వచ్చినప్పుడల్లా ఫోను స్పీకర్లో పెట్టించి అడిగేది. "పంటెక్కిస్తారాండీ, వంతెన మీంచి పోనిస్తారాండీ?"

"వంతెన మేడమ్, ఏసీ బస్సు. మళ్ళీ సాయంత్రం బోటు ఉంటుంది, భోజనం, డ్యాన్సు..."

"ఆ బోటు అటు గట్టుకి దింపుద్దాండీ?"

"లేదు మేడమ్, నీళ్ళలో తిప్పి మళ్ళీ ఎక్కిన చోటే దింపుతారు."

"అది పంటు కాదండి. ముంతలో మజ్జిగ చిలకడం."

ఆరేళ్ళు ఇలా గడిచాయి. కిందటేడు ఒక టూరు వచ్చింది. బస్సుని పంటెక్కించి అటు గట్టుకి దాటిస్తారు, మనుషులు పై అంతస్తుకి వెళ్ళొచ్చు. ఆవిడ ఆ కుర్చీ అంచు మీంచి కూడా లేచి నిలబడింది. ఆవేళే పేరు రాయించాం. పాస్‌పోర్టు కాగితాలు పంపాం. మూడో రోజున ఆ అమ్మాయి ఫోను.

"సార్, మేడమ్ గారికి అరవై ఆరు చూపిస్తోందండీ. ఈ టూరుకి అరవై అయిదు దాటినవాళ్ళు ఒంటరిగా రాకూడదండీ. ఇంట్లోవాళ్ళెవరైనా కూడా రావాలండీ."

బల్లకి అటు ఆవిడ, ఇటు నేను. ఆవిడకి యాభై ఏడు.

ఇప్పుడు ఒప్పుకోవలసింది వచ్చింది. ముప్పై నాలుగేళ్ళ కిందట ఆ మొదటి ఫారం నింపింది నేను. ఇంటిపనికి వెళ్ళే ఆడమనిషికి ముప్పై నిండాలి అన్నాడు ఏజెంటు. ఆవిడకి ఇరవై మూడు. "ముప్పై వెయ్యండి మాష్టారూ" అన్నాడు. వాడన్నది ముప్పై. మా వైపు కొబ్బరికాయలు వంద లెక్కపెడితే పైన రెండు కాయలు కొసరెయ్యడం మర్యాద. వంద దగ్గర ఆపేస్తే పీనాసి అంటారు. నా చెయ్యి కూడా ముప్పై దగ్గర ఆగలేదు. ముప్పై రెండు వేశాను. ఎవరూ అడక్కుండానే. గట్టిగా ఉంటుందని.

ఏడేళ్ళు ఏజెంటు పెంచాడు. రెండేళ్ళు నేను కొసరేశాను. ఆ రెండేళ్ళూ లేకపోతే కాగితంలో ఆవిడకి అరవై నాలుగు. ఏ పేచీ లేకుండా పంటెక్కేది.

ఆవిడ నా మొహంలోకే చూస్తోంది. నేను చూపు తప్పించి, "ఆ ఏజెంటు వెధవ చేసిన పని చెల్లెమ్మా ఇది! నోటికొచ్చిన వయసు వేయించేశాడు" అన్నాను. ఏజెంటు పోయి పదేళ్ళయింది. చచ్చినవాడి మీద పెట్టిన నేరం తిరిగి రాదు.

"ఆయ్" అంది ఆవిడ. సరేనండీ అన్నట్టు, అంతే అంది.

దిద్దించుకోవచ్చు. కానీ దానికి పుట్టిన రుజువు కావాలి, ఆవిడ బడి మొహం చూసింది కాదు. పైగా ఇన్నేళ్ళూ ఈ తప్పు ఎవరు రాశారు అని అడుగుతారు. ఆ ప్రశ్న నాకు నచ్చలేదు. ఆవిడ వదిన వరస కలిపి మా ఆవిణ్ణి తోడు రమ్మని అడిగింది. మా ఆవిడ మోకాళ్ళు చూపించింది. ఇక అడగడానికి ఎవరూ లేరు. వారం రోజులు ఆవిడ ఏటిగట్టు మీద పొద్దున్నా సాయంత్రం నడిచింది. అటు చివరికీ, ఇటు చివరికీ, బోనులో పెట్టినట్టు. బూట్లు బురదయినా కడగలేదు.

నాకు అన్నం సహించక ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. వాకిట్లో కొబ్బరి రాశి. ఆవిడ భర్త నేలలో పాతిన గునపం ముందు నిలబడి కాయ మీద కాయ వలుస్తున్నాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇంకో టూరు వస్తుందిలే చెల్లెమ్మా" అన్నాను.

"అప్పటికి అరవై ఏడవుద్ది కదండీ" అంది.

గునపం దగ్గర్నుంచి, పని ఆపకుండానే, మాట వచ్చింది. "నేనెళ్తాను."

ఇద్దరం అటు తిరిగాం. ఆ మనిషి గోదావరి దాటి నర్సాపురం వెళ్ళడమే ఏడాదికోసారి. నేనెరిగిన ఇన్నేళ్ళలో నాతో పది మాటలు మాట్లాడి ఉంటాడు.

"నువ్వా?" అంది ఆవిడ. "ఎక్కడికనుకుంటున్నావు?"

"ఎక్కడికైతేనేం. ముప్పై నాలుగేళ్ళ నుంచీ బస్సు దాకా వచ్చి దిగబెడతన్నాను. ఆ తర్వాత ఏవుంటదో చూద్దారని." ఇంకో కాయ గునపానికి గుచ్చాడు. "ఇంటోవోళ్ళంటే నేనే కదండీ మాష్టారూ?"

ఆయన పాస్‌పోర్టు కోసం మేం పడ్డ తిప్పలు ఒక పుస్తకం. వేలిముద్రల యంత్రం ఆయనవి వేళ్ళేనని ఒప్పుకోలేదు. నలభయ్యేళ్ళ కొబ్బరి పీచు గీతలన్నీ తినేసింది. తుడిచి పెట్టు, తడిపి పెట్టు, మళ్ళీ పెట్టు. పదిహేడోసారికి పడింది. సరే, ఆరోసారికి. ఆయన వయసు నేను ఉన్నదున్నట్టు, అరవై రెండని రాశాను. రెండుసార్లు సరిచూసుకున్నాను, కొత్త పని కదా. దాంతో కాగితం మీద మొగుడు పెళ్ళాం కన్నా నాలుగేళ్ళు చిన్నవాడయ్యాడు. టీకొట్టు దగ్గర ఒకడు, "ఏరా, అక్కని విదేశం తీసుకెళ్తున్నావంట?" అన్నాడు. ఆయన నింపాదిగా టీ తాగి, "ఆయ్. చిన్నప్పుడు నన్నెత్తుకు పెంచింది" అన్నాడు.

వెళ్ళారు. వచ్చారు.

ఆ పంటు మీద ఏం జరిగిందో టీకొట్టు దగ్గర నేను చెప్పింది ఇదీ: ఆవిడ పై అంతస్తులో ముందంచున నిలబడింది. రెండు చేతులూ బార చాపింది. కొంగు జెండాలా ఎగిరింది. కళ్ళమ్మట ధారలు. పంటు నడిపే సరంగు అది చూసి ముచ్చటపడి కూత పెట్టాడు. అటు గట్టు నుంచి ఒక ఖండం ఆవిడకి ఎదురొచ్చింది.

అందరికీ నచ్చింది. ఇద్దరు ఇంకో టీ కూడా ఇప్పించారు. జరిగింది అది కాదు.

వచ్చిన మర్నాడు పొద్దున్నే ఇద్దరూ వచ్చారు. ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. ఆవిడ కుర్చీ అంచు మీద.

"నీళ్ళెలా ఉన్నాయి చెల్లెమ్మా?"

"చూళ్ళేదండి."

ఈసారి కింద బస్సులో కూర్చోబెట్టేశారేమోననుకున్నాను.

"పైకే వెళ్ళేవండి. ముందంచునే నిలబడ్డాను. ఇంకా కదల్లేదు పంటు. పక్కన ఒక పిల్ల, తలకి గుడ్డ కట్టుకుంది, చంకలో చంటోడు, చేతినిండా సంచులు. గాలికి ఆ గుడ్డ ఊడిపోయింది. కట్టుకోవాలి కదండీ? ఏ దేశంలోనైనా పక్కనున్న ఆడదాని చేతికే కదండీ ఇస్తారు. చంటోణ్ణి నాకు చాపింది."

"నువ్వు?"

"వెనక్కి పెట్టేసుకున్నాను." ఆవిడ చేతులు ఇప్పుడు కూడా వెనక్కి వెళ్ళాయి. "ఈయన చాపేడండి."

మెట్టు మీద ఆయన తల వంచుకుని గోళ్ళు చూసుకుంటున్నాడు.

"ఈయనెప్పుడూ పిల్లాణ్ణి పట్టుకోలేదండి. వలిచిన కాయ పట్టుకున్నట్టు పట్టుకున్నాడు, రెండు చేతుల్తో. పడేస్తాడేమోనని చూస్తున్నాను. ఆ పిల్ల గుడ్డ కట్టేసుకుంది, సంచులు సర్దుకుంది, అయినా ఈయన ఇవ్వడు, ఆ పిల్లా అడగదు. చంటోడు మీసం పట్టుకు లాగుతున్నాడండి. ఈయన తెలుగులో అడుగుతున్నాడు, 'ఏరా, ఏ ఊర్రా మీది?' అని. ఇంక పడెయ్యడని తెలిసిపోయింది. తెలిసినా చూస్తానే ఉన్నానండి. ధన్‌మని గట్టుకి తగిలేదాకా."

ఆవిడ సంచిలోంచి పాస్‌పోర్టులు రెండూ తీసి బల్ల మీద పెట్టింది.

"మళ్ళీ రాయండి. నీళ్ళు చూడాలి."

కలం తీశాను. రాయలేకపోయాను. అబద్ధం చెప్పి ఎంతకాలం బతికినా, నిజం చెప్పినవాళ్ళ ఎదురుగా ఒకోసారి ఊపిరాడదు.

"చెల్లెమ్మా, ఆ ఏజెంటు ముప్పయ్యే చెప్పాడు. పైన రెండేళ్ళు నేను వేశాను. నీకు అడ్డం పడింది ఆ రెండే."

"తెలుసండి."

"ఏం తెలుసు?"

"ఆ ఏజెంటు అప్పుడే చెప్పేడండి, 'మీ మాష్టారు కొసరు కూడా వేసేడమ్మా, మార్పిస్తావా' అని. మార్పించాలంటే ఇంకో నెల ఆగాలన్నాడు." ఆవిడ నవ్వింది. "నేనెక్కడాగుతానండి?"

ఇన్నేళ్ళూ తెలుసు. ఆవేళ నేను చచ్చినవాడి మీద నేరం పెడుతుంటే ఎదురుగా కూర్చుని ఆయ్ అంది. నేను ఫారం మీదకి వంగిపోయాను. ముసలివాడి కళ్ళు, నీరు కారతాయి. ఆవిడ ఊరు రాశాను, పేరు రాశాను. కూడా వచ్చేవారి పేరు దగ్గర ఆగాను.

"ఈసారి ఈయన్ని తీసుకెళ్ళనండి" అంది ఆవిడ. "ఈయన్ని చూస్తా కూర్చుంటే నీళ్ళెప్పుడు చూస్తాను?"

"మరి ఇంకెవరు చెల్లెమ్మా?"

ఆవిడ ఆ కుర్చీలో మొదటిసారి కాస్త వెనక్కి జరిగింది. ఎవరూ లేరని ముగ్గురికీ తెలుసు. నేను ఆయన పేరే రాశాను. ఆవిడ కలం వంకే చూసింది, ఆపలేదు. లేచి, సంచి సర్దుకుని, మెట్టు దగ్గర నిలబడి ఆయనతో అంది:

"ఏవయ్యా. ఈసారి నిన్ను కింద బస్సులోనే కూచోబెట్టి తలుపేసేస్తాను. పైకి రాకూడదు."

"ఆయ్" అన్నాడు ఆయన.

మా వైపు పెద్దవాళ్ళకీ, ఆసాములకీ చెప్పే మాట అది. పెళ్ళానికి ఆయ్ చెప్పిన మొగుణ్ణి నేను కోనసీమ మొత్తం మీద చూడలేదు. ఇది పెంచి చెప్పడం కాదు.